బాలలకు సంఘధర్మము నేర్పిన చోటులు

బాలుడు నలుగురిలో నెట్లు మెలగవలెనో, తోడివాని సొత్తును మాటను ఎట్లు మన్నింపవలెనో, పెద్దల కన్ను తనపై లేనప్పుడు సైతము మర్యాదను తనంతట తానెట్లు పాటింపవలెనో నేర్పుట యనునది, అంతర్జాలము పుట్టిన పిదప మనకు క్రొత్తగా తటస్థించిన చిక్కువలె నేడు పత్రికలలోను, పాఠశాలలలోను, తల్లిదండ్రుల సంభాషణములలోను చర్చింపబడుచున్నది. చేత ఫోను పట్టిన పదేండ్ల పిల్లవానికి ఎదుటివాని మొగము కనబడదు, ఆ మొగమున గలిగిన నొప్పియు కనబడదు; కావున వాడేమి పలుకునో, ఎవరి మాటలు వినునో యని పెద్దలు పడు ఆందోళనము సహేతుకమే. కాని ఈ విద్య నిన్న మొన్న మొదలైనది కాదు. తెలుగునాట దీని పూర్వవృత్తాంతము రెండువందల యేండ్ల నుండి వ్రాతమూలకముగా లభించుచున్నది. ఆ వృత్తాంతమును పరిశీలించినకొలదిని నాకొక్క విషయము బలముగా తోచుచున్నది: పౌరధర్మమును పిల్లలకు పుస్తకము నేర్పినదానికంటెను, గురువు నోట చెప్పినదానికంటెను, వారికన్న రెండు మూడేండ్లు పెద్దవారైన తోడిపిల్లలు నేర్పినదే యెక్కువ. ఆ పెద్దపిల్లలకు ఆ పనిని నమ్మి యప్పగించుటయే గురువుల నేర్పు.

1822వ సంవత్సరము జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలన్నిటి కలెక్టర్లకు ఒక యుత్తరువు పంపెను. ఊళ్లలో బడులెన్ని కలవు, ఆ బడులలో చదువుకొను వారెందరు, ఏ యే కులములవారు, ఏ గ్రంథములు చదువుచున్నారు, అయ్యవారికి జీతమెట్లు ముట్టుచున్నదని అందులో ప్రశ్నించెను. ఇతడు 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, రైతుల నడుమ గుడారములలో మసలినవాడగుటచేత, కచేరీలో కూర్చుండి ఊహించుటకంటె లెక్కించి తెలిసికొనుట మేలని యెఱిగినవాడు. జిల్లాలనుండి వచ్చిన సమాధానముల నన్నిటిని ప్రోగుచేసి, 1826 మార్చి 10వ తేదీన వ్రాసిన నివేదికలో, 1,28,50,941 మంది జనులున్న ఆ రాజధానిలో 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు అతడు నిర్ణయించెను.

ఈ సమాధానములలో ఎల్ల బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపినది మిగుల విలువైనది. ఈ కాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణమును, తరువాత తెలుగు నిఘంటువును ప్రకటించిన పండితుడు. బడిలో పిల్లలు వల్లించునది ఇతనికి చెవికి వినబడు శబ్దము మాత్రమే కాదు, అర్థమైన భాష. నేటి అనంతపురము నేల కూడ కలిసియున్న ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులు కలవనియు, వానిలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226 అనియు, తక్కినవి మరాఠి, పారసీకము, తమిళము, సంస్కృతము మున్నగు వానివనియు అతడు లెక్క చూపెను. చదువరులు 6,641 మంది. అనగా బడికి సగటున పండ్రెండు మంది. ఈ పండ్రెండు అను సంఖ్యను పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను. ఒక్కొక్కరి పేరు, ఇల్లు, అలవాటు తక్కినవారందఱకు తెలిసియుండు గుంపు అది.

కాంబెల్ ఆ బడి యరుగుమీద కన్నులారా చూచినవానివలె వర్ణించెను. పిల్లవానికి అయిదవయేడు రాగానే అయ్యవారిని, బడిపిల్లల నందఱను ఇంటికి పిలుచుదురు. అందఱును వినాయకుని ప్రతిమ చుట్టును కూర్చుందురు. క్రొత్తబాలుని దేవుని కెదురుగా కూర్చుండబెట్టి, ధూపమిచ్చి, బుద్ధి నిమ్మని ప్రార్థన చెప్పించి, పళ్లెములోని బియ్యములో వాని వ్రేలు పట్టి వ్రాయింతురు. మఱునాటి యుదయమే వాడు బడికి పోవలెను. ఇచ్చట గమనింపదగిన దేమనగా, అక్షరాభ్యాసమునకు గురువు మాత్రమే కాదు, బడి యంతయు కదలివచ్చును. పిల్లవాడు మొదటి అక్షరము వ్రాయకమునుపే వానికొక సంఘములో సభ్యత్వము కలుగును.

ఉదయమున బడికి చేరుటలో ఒక వింత పద్ధతి యుండెను. అందఱికన్న ముందు వచ్చినవాని అరచేతిలో గౌరవచిహ్నముగా సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయును లేదు. మూడవవానికి బెత్తముతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. ఆపై వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ హెచ్చు. చదువు రానివానికిని, అల్లరి చేసినవానికిని గుంజీలు, చేతులు కట్టి దూలమునుండి వ్రేలాడదీయు కోదండము మొదలైన శిక్షలు వేఱు. ఈ శిక్షలను నేను మెచ్చుకొనజాలను. పసివాని యొడలు నొప్పించి నేర్పిన మర్యాద, నొప్పి మఱచినంతనే మఱపునకు వచ్చును. కాని అరచేతిలోని సున్న మాత్రము నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. పొగడ్తకును దండనమునకును నడుమ, తన పనిని తాను చేసినవాని కొక స్థానము కలదని ఆ బడి గుర్తించినది. సంఘములో నూటికి తొంబదిమంది నిలుచు స్థానమది.

నేలపై పఱచిన ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట మొదటి పని. తరగతులు సాధారణముగా నాలుగు. పై తరగతులను అయ్యవారు స్వయముగా చూచుకొనుచు, క్రింది తరగతులను పెద్దపిల్లల కప్పగించి, అందఱిమీదను ఒక కన్ను వేసియుండును. గుణింతము నేర్చినవాడు ఓనమాలవాని వ్రేలు పట్టి దిద్దించును. పద్యములు వచ్చినవాడు గుణింతమువానిచే చదివించును. ఈ పెద్దపిల్లవానికి జీతము లేదు, బెత్తము పట్టు అధికారమును పూర్తిగా లేదు. నిన్న తానున్న చోటనే నేడు చిన్నవాడున్నాడను జ్ఞానము మాత్రము కలదు. ఈ పద్ధతి మిక్కిలి మెచ్చదగినదనియు, ఇంగ్లండులో దీనిని అనుకరించుట యుక్తమే యనియు కాంబెల్ వ్రాసెను. ఆ యనుకరణమునకు మూలపురుషుడు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు పెద్దయై, దేశీయపు బడిపిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఎనిమిదేండ్ల బాలుని పిలిచి చిన్నవారికి నేర్పుమని నియమించి, ఫలితము కనుగొని, 1797లో లండనులో ఒక చిన్నపుస్తకముగా ప్రకటించెను. మద్రాసు పద్ధతి యను పేర ఆ విధానము సీమలో వేలకొలది బడులకు ప్రాకినది. మన యరుగులమీద అజ్ఞాతముగా నుండిన నేర్పు సముద్రము దాటి పేరు తెచ్చుకొన్నది.

అయితే ఆ యరుగు అందఱిది కాదు. కాంబెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడుపిల్లలు అఱువదిమందియే. ఊరి వెలుపలి వాడలలోని పిల్లలు ఆ యరుగుమీదికి చాలవఱకు రా వీలులేకుండెను. చిన్ననాట ఎవరితో కలిసి ఇసుకలో వ్రాయలేదో, పెద్దయైన పిదప వారితో కలిసి ఊరి మేలు ఆలోచించుట మనవారికి కష్టమయ్యెను. ఆ కష్టము నేటికిని పూర్తిగా తీరలేదు. ఇక చదివిన చదువో, కావ్యభాషలోని పద్యములను అర్థము తెలియకయే వందలకొలదిగా వల్లించుటయని కాంబెల్ విచారించెను. సంఘములో మెలగుట పద్యముల వలన గాక, పద్యములు నేర్చుకొను తీరు వలననే పిల్లలకు అబ్బినదని నా నమ్మకము.

ఆ బడికిని ఊరికిని గల సంబంధము దసరా పండుగనాళ్లలో ప్రత్యక్షమగుచుండెను. పిల్లలు క్రొత్తబట్టలు కట్టి, బుక్కా చల్లు గిలకలు చేతబట్టి, అయ్యవారు వెంట నడువగా వీథివీథికిని పోయి, ఇంటింటి ముంగిట దసరా పద్యములు పాడుదురు. గృహస్థు అయ్యవారికి ధనమో, వస్త్రమో, ధాన్యమో సమర్పించి, పిల్లల దోసిళ్లలో పప్పుబెల్లములు పోయును. పల్లెటూరి బాలుడు తన యూరిలోని గడపలను ఒక వరుసలో చూచుట తఱచుగా అదియే మొదటిసారి. కలిగినవాని యింటిముందును, లేనివాని యింటిముందును అదే పద్యము అదే గొంతుతో పాడవలెను, ఈయనివానిని నిందింపరాదు, దొరికినది అందఱు పంచుకొనవలెను. తమ గురువునకు ముట్టు జీతము ఊరివారి చేతినుండి వచ్చుచున్నదని పిల్లలు కన్నులార చూతురు. పన్నుల విషయమును ప్రభుత్వపు పద్దుల విషయమును నేడు పౌరశాస్త్రములో రెండు పుటల పాఠముగా చెప్పుచున్నాము గాని, ఇంత తేటగా చెప్పుచున్నామని నేననుకొనను.

ఈ బడులు కాంబెల్ కాలమునాటికే క్షీణింప మొదలిడినవి. సీమబట్టలు వచ్చి మన నేతగాండ్ర బ్రదుకులను కూల్చుట, ధనము దేశమునుండి తరలిపోవుట, అయ్యవారికి జీతమిచ్చు శక్తి తల్లిదండ్రులకు లేకపోవుట కారణములని ఆ యుద్యోగియే నిర్మొగమాటముగా వ్రాసెను. 1854 నాటి విద్యావిధానపత్రము తరువాత పరీక్షాధికారులు, నిర్ణీత పాఠ్యపుస్తకములు, గ్రాంటులు వచ్చినవి. పౌరధర్మము నడవడియై యుండుట మాని పాఠమైనది. 1897లో విలియం లీ-వార్నర్ అను దొర భారతదేశపు బాలురకొఱకు భారతపౌరుడను పేర ఒక వాచకము వ్రాసెను. రోడ్లు, తపాలా, పోలీసు, న్యాయస్థానము, దొరతనమువారి యుపకారము అన్నియు అందు కలవు. ఓటు లేనివానికి పౌరుడను పేరుమాత్ర మొసగుట యెట్లో అందు లేదు. అట్టి పుస్తకములను చదివి పరీక్షలు నెగ్గిన బాలురు తమ యూరిచెరువు పూడిక తీయించుటకు పదిమందిని కూర్చుట నేర్చుకొనలేదు. ఆ పనిని వారికి నేర్పినవి బడివెలుపలి సంస్థలు: 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయము, 1914లో అచ్చటనే కూడిన గ్రంథాలయ మహాసభ, వానిని చూచి ఊరూర పుట్టిన పఠనమందిరములు. పత్రికను ఒకడు చదువగా పదిమంది వినుట, అరువు తెచ్చిన పుస్తకమును మడత పడకుండ తిరిగి యిచ్చుట, చందా వసూలు చేసి లెక్క చెప్పుట వీనిలో యువకుల కలవడినవి. చిన్నపిల్లలకు మాత్రము ఇంకను చోటు చిక్కలేదు.

ఆ చోటు ఆకాశమార్గమున దొరకినది. 1938 జూన్ 16వ తేదీన మద్రాసులో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. అచ్చట తెలుగు పిల్లల కార్యక్రమమును చేపట్టిన న్యాయపతి రాఘవరావుగారును, వారి ధర్మపత్ని కామేశ్వరిగారును కొలది కాలములోనే ఆంధ్రదేశమున పిల్లలున్న ప్రతి యింటికిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య ఐరి. రాఘవరావుగారు 1905లో బరంపురమున జన్మించినవారు. పిల్లలకు బుద్ధులు చెప్పు పెద్దలు ఆనాడు తక్కువగా లేరు. పిల్లలచేతనే మాటలాడించి, పాడించి, నాటకములాడించి, తాము ప్రక్కన నిలిచిన పెద్దలు మాత్రము అరుదు. ఈ దంపతులు ఆ త్రోవ త్రొక్కిరి.

రేడియో స్టూడియో ఎట్టిదో యెఱుగనివారికి ఆ శిక్షణము యొక్క విలువ తెలియదు. నాటి ప్రసారములు చాలవఱకు అప్పటికప్పుడు గాలిలోనికి పోవునవే. రికార్డు చేసి తప్పులు దిద్దుకొను వీలు తక్కువ. నాలుగు గోడలకు మెత్తలు కొట్టిన గదిలో ఒక్క మైకు. దాని చుట్టును పదిపండ్రెండుమంది పిల్లలు. ఎఱ్ఱదీపము వెలిగిన తరువాత దగ్గరాదు, కాగితము గలగలలాడింపరాదు, ప్రక్కవాని వంతున తన గొంతు వినబడరాదు. తన మాట వచ్చినపుడు ముందునకు జరిగి చెప్పి, చప్పుడు కాకుండ వెనుకకు తగ్గి, తరువాతివానికి చోటీయవలెను. పొట్టివానికి మైకు అందనిచో పెద్దవాడు పీట జరుపవలెను. ఒకడు మాట మఱచిన యెడల తోడివాడు నవ్వక అందింపవలెను. ఏలయన ఆ తప్పు వానిది కాదు, అందఱిది, దానిని మద్రాసునుండి శ్రీకాకుళము వఱకు వినుచున్నారు. కనబడని వేలమంది వినుచున్నారను ఎఱుకతో మాట నదుపున నుంచుకొనుట, నేడు మన పిల్లలకు అన్నిటికన్న ముందు కావలసిన విద్య, ఎనుబదేండ్లకు పూర్వము తెలుగుబిడ్డలు ఆ మైకుముందు నేర్చుకొనిరి.

వినుట కూడ నాడు ఒంటరిపని కాదు. రేడియోపెట్టె కలిగిన ఇల్లు వీథికొకటి యుండుటయే గొప్ప. కొన్ని గ్రామములలో ప్రభుత్వమువారు సామూహిక శ్రవణమునకై పెట్టెల నమర్చిరి. పిల్లల కార్యక్రమపు వేళకు కలవారి వసారాలోనికి లేనివారి పిల్లలు వచ్చి చేరుచుండిరి. అట్లు వచ్చినవారిని కాదనుటకు గృహస్థులకు మనసొప్పెడిది కాదు.

1940లో ఈ దంపతులు ఆంధ్ర బాలానంద సంఘమును మద్రాసున స్థాపించిరి. గాలిలో కలిసి వినుచున్న పిల్లలకు నేలమీద కలిసికొను తావు ఏర్పడినది. 1945లో బాల యను మాసపత్రికను ప్రకటించిరి. చందమామ పుట్టుటకు అది రెండేండ్ల ముందు. పిల్లలకొఱకు పెద్దలు వ్రాసినవేకాక, పిల్లలు వ్రాసినవియు గీసినవియు బాలలో అచ్చుపడినవి. ముళ్లపూడి వెంకటరమణ తొలికథ ఆ యేడే ఆ పత్రికలోనే వెలువడినది. ఆయన బాల్యమిత్రుడు బాపుకును అది తొలినాళ్ల రంగస్థలము. ఆంధ్రప్రదేశ్ అవతరణముతో 1956లో అన్నయ్యయు అక్కయ్యయు హైదరాబాదునకు తరలివచ్చి బాలానందమును అచ్చట కొనసాగించిరి; నారాయణగూడలోని సంఘము ఎన్ని తరములనో చూచినది. అక్కయ్య 1980లోను, అన్నయ్య 1984లోను కన్నుమూసిరి. సంఘములో పెరిగి పెద్దవారైన పిల్లలే తరువాతి పిల్లలకు పాటలు నేర్పుట, అభినయము దిద్దుట చేయుచు వచ్చిరనుటలో నాకేమియు వింత తోచదు. ఇసుకలో వ్రేలు పట్టి దిద్దించిన పెద్దపిల్లవాని వంశమది.

ఇక అంతర్జాలము. దాని తొలినాళ్లలోను ఇదే మర్యాద కొంతకాలము చక్కగా సాగినదని మనవారిలో చాలమంది యెఱుగరు. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు తలపెట్టి మఱుసటి యేడు నడిపిన యూజ్‌నెట్ అను చర్చావేదికకు, ప్రతి సంవత్సరము సెప్టెంబరులో క్రొత్త విద్యార్థులు గుంపుగా వచ్చి చేరుచుండిరి. వారు తెలియక కేకలు వేయుదురు, అడిగినదే యడుగుదురు, పరులను నొప్పింతురు. పాతవారు ఓపికతో ఒక నెలపాటు దారి చూపుదురు. అక్టోబరు నాటికి క్రొత్తవారు పాతవారగుదురు. 1993 మొదలు వ్యాపారసంస్థలు తమ చందాదారుల కందఱకు తలుపులు తెఱచినంతట, క్రొత్తవారి రాక నెలతో ముగియక నిత్యమైనది. నేర్పువాడొకడు, నేర్వవలసినవారు వేయిమంది. బడికి పండ్రెండుమందిగా నున్న కాలమున సాగిన పని వేలమందిలో సాగకపోయినది. 1995 అక్టోబరులో శాలీ హాంబ్రిడ్జ్ సంకలనము చేసిన మర్యాదసూత్రములు ఆర్‌ఎఫ్‌సీ 1855 అను పత్రముగా వెలువడినవి. కోపము తెప్పించిన ఉత్తరమునకు రాత్రి గడచిన తరువాత బదులు వ్రాయవలెననియు, అవతల నున్నది మనుష్యుడనియు, వాని భాషయు ఆచారమును హాస్యమును నీవానివంటివి కాకపోవచ్చుననియు అందు చెప్పబడినది. ప్రతి వాక్యమును కండ్ల కద్దుకొనదగినదే. కాని లీ-వార్నర్ వాచకమునకు పట్టిన గతియే దీనికిని పట్టినది. చేయిపట్టి దిద్దించువాడు లేని సూత్రము చదువబడి విడువబడును.

చట్టములును వచ్చినవి. అమెరికాలో 1998 నాటి శాసనము పదుమూడేండ్ల లోపువారి వివరములను తల్లిదండ్రుల అనుమతి లేక సేకరింపరాదన్నది. మన దేశమున 2023 నాటి శాసనము ఆ వయసును పదునెనిమిదేండ్లుగా నిర్ణయించినది. తలుపునకు గొళ్లెము అవసరమే. లోపలి నడవడి గొళ్లెమునకు తెలియదు.

తెలుగువారికి 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో అట్టి నడవడి కొంత కానవచ్చును. అందఱును కూడి తగవులు తీర్చుకొను పుటకు అచ్చట రచ్చబండ యని పేరిడిరి. క్రొత్తగా వచ్చిన విద్యార్థి ఆధారము చూపక వ్రాసినచో, పాతవాడొకడు ఆ వ్యాసపు చర్చాపుటలో తప్పు చూపి, దిద్దుకొను తెఱగు చెప్పును. కాని శుద్ధముగా బాలలదే యైన సంఘమును చూడవలెనన్నచో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున మిచెల్ రెస్నిక్ బృందము 2007 మేలో తెఱచిన స్క్రాచ్ అను చోటునకు పోవలెను. ఆటలును, కదలు బొమ్మకథలును పిల్లలు తామే అల్లి అందఱికి చూపుకొను తావది. 1993లో బాస్టనులో పేదపిల్లలకొఱకు ఈ బృందమువారే తెఱచిన కంప్యూటరు క్లబ్బులో కలిగిన యనుభవము దీనికి పునాది. ఒకడు చేసిన యాటను మఱియొకడు తీసికొని మార్చి తనదిగా ప్రకటించుకొనుటకు అచ్చట అనుమతి కలదు, మొదటివాని పేరు చెప్పవలెనను నియమముతో.

మొదటినుండియు తగవులు పుట్టినవి. నా యాట దొంగిలించినాడని పిల్లలు ఫిర్యాదు చేసిరి. నిర్వాహకులు ఒక యుపాయము చేసిరి: ఎవడైన మార్చి ప్రకటించినంతనే, ఇది ఫలానావాని యాటపై ఆధారపడినదని యంత్రమే పుట మీద వ్రాయునట్లు అమర్చిరి. న్యాయము యంత్రముచేత జరిగినది గదా యని వారనుకొనియుందురు. ఐనను ఫిర్యాదులు ఆగలేదు. ఆంద్రేస్ మొన్రోయ్ హెర్నాండెజ్ అను ఆ బృందపు పరిశోధకుడును, ఆయన సహచరులును పిల్లలను అడిగి, వారి మాటలను పరిశీలించి 2011లో ప్రకటించిన దేమనగా, యంత్రము వ్రాసిన పేరు పిల్లలకు తృప్తి నీయలేదు. తీసికొన్నవాడు తన చేతితో, తన మాటలలో, ఇది నేను నీవద్ద నేర్చినది, కృతజ్ఞుడనని వ్రాసినచో మాత్రము నొచ్చుకొన్న బాలుడు సంతోషించి, తఱచు వాని యాటను మెచ్చుకొనుచు బదులు వ్రాసెను. ఈ భేదమును వారికి ఏ వాచకమును చెప్పలేదు. అచ్చట ముందుగా చేరిన పిల్లలు తరువాత వచ్చినవారి యాటల క్రింద వ్యాఖ్యలు వ్రాయుచు, మొదటివానికి ధన్యవాదము చెప్పితివా యని యడుగుచు, వారి నడుమనే ఆ యాచారమును నిలిపిరి.